ఎర్ర సిరా ముట్టుకునే ముందు: పిల్లల రాత నమూనాలతో రాత నేర్పే పద్ధతి

ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుల బల్ల మీద నోటు పుస్తకాల దొంతర ఏడాది పొడవునా తరగదు. 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి రాతకు 4 నిమిషాలు వెచ్చించినా 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. అంతసేపు కూర్చుని గీసిన ఎర్ర గీతలను పిల్లలు చూసేది మాత్రం అడుగున వేసిన మార్కు కనబడేంతవరకే. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే దిద్దాను. జూన్‌లో ‘భాద’ అని రాసిన పిల్లవాడు మార్చిలోనూ ‘భాద’ అనే రాశాడు. ఆ పది నెలలూ ఓపికగా దాన్ని కొట్టివేసి పైన ‘బాధ’ అని రాస్తూ వచ్చినది నేను కనుక, ఆ మాట రాయడంలో మంచి సాధన జరిగింది నాకే.

దిద్దడం వేరు, రాతను నమూనాగా చదవడం వేరు. దిద్దేటప్పుడు మన కన్ను తప్పు కోసం వెతుకుతుంది. నమూనాగా చదివేటప్పుడు ఈ పిల్లకు ఇప్పటికి ఏమి వచ్చు, దానికి ఆనుకుని తరువాత ఏమి నేర్పవచ్చు అన్నది చూస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో చెప్పిన సమగ్ర నిరంతర మూల్యాంకనం ఉద్దేశం కూడా ఇదే. మన బడులలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే పిల్లలు నేర్చుకుంటుండగానే చేసే మూల్యాంకనానికి, పెట్టుకున్న సాధనాలలో రాత పనులు ఒకటి. అవి ఆచరణలో ప్రశ్న జవాబులను గైడులోంచి నోటు పుస్తకంలోకి ఎక్కించే పనిగా మిగిలిపోవడం వల్ల, పది మార్కులు వేయడానికి పనికివస్తున్నాయే తప్ప పిల్లల రాతను గురించి మనకు ఏమీ చెప్పడం లేదు.

కాబట్టి మొదటి పని, పిల్లల రాతను గురించి ఏదైనా చెప్పగలిగే నమూనాను సంపాదించడం.

నమూనా ఎలా తీసుకోవాలి

దసరా పండుగ, వార్తాపత్రికల ఉపయోగాలు, పర్యావరణ పరిరక్షణ వంటి అంశాలు ఇవ్వకూడదు. అవి ఇచ్చిన మరుక్షణం తరగతి అంతా ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు శీర్షికలు గీసుకుని కంఠస్థం చేసినది రాస్తుంది. మనకు దొరికేది గైడు రచయిత రాత నమూనా. ఎవరి ఇంటి సంగతి వాళ్ళు మాత్రమే రాయగలిగే అంశం ఇవ్వాలి. ‘మీ ఇంట్లో ఏదైనా వస్తువు పోయి మళ్ళీ దొరికిన రోజు’, ‘ఈ రోజు బడికి వచ్చే దారిలో మీరు చూసినవి’, ‘మీ నానమ్మకో అమ్మమ్మకో చేతనై మీకు చేతకాని పని’ వంటివి ఎనిమిదో తరగతికి బాగా సరిపోతాయి. కథనం ఒక్కటే చాలదు. చక్కగా కథ చెప్పే పిల్ల, వీధి కుళాయికి నీళ్ళు రావడం లేదని పంచాయతీ కార్యదర్శికి లేఖ రాయమంటే ‘ఇక్కడ నేను క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాను’ అని మొదలుపెట్టిన సందర్భాలు ఉన్నాయి. అందువల్ల ఒక వారం కథనం, మరొక వారం లేఖ, ఇలా కనీసం రెండు రకాల నమూనాలు ఉండాలి.

బడి తెరిచిన రెండో మూడో వారంలో మొదటి నమూనా, దసరా సెలవుల తరువాత రెండోది, సంక్రాంతి సెలవుల తరువాత మూడోది తీసుకుంటే చాలు. ప్రతిసారీ తెల్ల కాగితం, 20 నిమిషాలు, ఎవరి సహాయమూ లేదు, మార్కులు లేవు. మార్కులు లేవన్న సంగతి ముందే గట్టిగా చెప్పాలి. చెప్పినా మొదటిసారి నమ్మరు. ఒక మాట ఎలా రాయాలో తెలియకపోతే తోచినట్టు రాయమనాలి. రబ్బరు వాడనివ్వకూడదు, మార్చదలచిన మాటను ఒక్క గీతతో కొట్టివేసి పక్కన రాయమనాలి. ఆ కొట్టివేతలు మనకు చాలా విలువైనవి. ‘విధ్యార్థి’ అని రాసి, కొట్టివేసి, ‘విద్యార్థి’ అని రాసిన పిల్లకు అనుమానం మొదలైందన్నమాట. అనుమానం వచ్చిన చోట నేర్పడం సులభం. పేరు కాగితం వెనుక వైపు రాయించాలి. ముందు వైపు పేరు కనబడితే, పేరును బట్టి ముందే ఒక అభిప్రాయంతో చదవడం మానవ సహజం, ఎంత అనుభవం ఉన్నా తప్పదు.

మొదటి చదువు కలం లేకుండా

కాగితాలను ఇంటికి తీసుకువెళ్ళి మొదటిసారి చదివేటప్పుడు చేతిలో కలం ఉండకూడదు. ఒక్కొక్కటి అర నిమిషంలో చదివి దొంతరలు వేయాలి. చెప్పడానికి సంగతి ఉండి వాక్యాలు కుదరనివి ఒక దొంతర. వాక్యాలు కుదిరి సంగతి లేనివి రెండోది. ఇవి చూడముచ్చటగా ఉంటాయి, దస్తూరి బాగుంటుంది, ఏమీ చెప్పవు. రెండూ ఉన్నవి మూడోది. నాలుగో దొంతరలో రెండు మూడు మాటలు మించి రాయలేని వారి కాగితాలు ఉంటాయి. వారి గురించి విడిగా చెప్పాలి.

నాలుగో దొంతర పిల్లలకు రాత పాఠం ఇచ్చి లాభం లేదు. వారిని ఒక్కొక్కరిగా పక్కన కూర్చోబెట్టుకుని అదే సంగతిని నోటితో చెప్పించాలి. చాలామంది చక్కగా చెబుతారు. వారు చెప్పినది చెప్పినట్టే మనం నాలుగైదు వాక్యాలు రాసి, వారి చేత చదివించి, మరునాడు చూడకుండా రాయించాలి. తన నోటి మాట కాగితం మీద తన కళ్ళ ముందు అక్షరాలుగా మారడం చూసిన పిల్లవాడికి, రాత అంటే ఎవరిదో పుస్తకం చూసి ఎక్కించడం కాదని మొదటిసారి తెలుస్తుంది. ఈ పనికి వారానికి రెండు రోజులు, మధ్యాహ్న భోజనం తరువాతి పావుగంట సరిపోతుంది.

తక్కిన మూడు దొంతరలను రెండోసారి చదివేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి: విషయం, వరుస, వాక్యం, వర్ణక్రమం. నాలుగూ ‘వ’తో మొదలవడం గుర్తుంచుకోవడానికి అనుకూలమే గానీ, ప్రాధాన్యం కూడా ఆ వరుసలోనే ఉందని నా అభిప్రాయం. మనలో ఎక్కువమంది వర్ణక్రమంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాము. ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు అంకె వేసుకోవచ్చు. అయితే ఏ అంకెకు ఏమి కనబడాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఉదాహరణకు ‘వరుస’ తీసుకుంటే, ఎవరు ఏమి చేశారో తెలియకపోతే 0. సంఘటనలు ఉన్నా ముందు వెనుకలు తారుమారైతే 1. ఒకదాని వెనుక ఒకటి జరిగినట్టు తెలిసినా ఎందుకు జరిగిందో తెలియకపోతే 2. కారణం కూడా అందితే 3.

ఈ అంకెలు ఎంత నిలకడగా ఉన్నాయో ఒంటరిగా తేల్చుకోలేము. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్ళేటప్పుడు ఐదు కాగితాల నకళ్ళు తీసుకువెళ్ళి, పక్క బడి తెలుగు ఉపాధ్యాయురాలి చేత మన అంకెలు చూపకుండా వేయించాలి. ఒక అంకె తేడా పట్టించుకోనక్కరలేదు. రెండు అంకెల తేడా వచ్చిన కాగితం దగ్గర కూర్చుని మాట్లాడుకుంటే, చాలాసార్లు ఒకరు దస్తూరిని చూసి మోసపోయి ఉంటారు.

ఒక నమూనాను దగ్గరగా చూద్దాము

కింది రాత ఏ ఒక్క పిల్లదీ కాదు. ఎనిమిదో తరగతి కాగితాలలో తరచుగా కనిపించే తీరును ఒకచోట కూర్చి చూపుతున్నాను.

‘ఒకరోజు మా నాన్న సైకిల్ తాళంచెవి పోయింది తర్వాత అందరం వెతికాము తర్వాత మా అమ్మ నన్ను తిట్టింది నాకు చాలా భాద వేసింది తర్వాత మా తమ్ముడు పప్పు డబ్బాలో ఉంది అని చెప్పాడు తర్వాత మా నాన్న నవ్వాడు ఆ రోజు చాలా ఆనందంగా గడిచింది’

35 మాటలు, 7 వాక్యాలు, ఒక్క చుక్క లేదు, నాలుగు ‘తర్వాత’లు, ఒక వర్ణక్రమ దోషం. ఎర్ర సిరాతో దిద్దితే ఏడు చుక్కలు పెట్టి, ‘భాద’ను ‘బాధ’ చేసి, 4/10 వేసి పక్కన పెట్టేస్తాము. కానీ ఈ రాతలో పప్పు డబ్బా ఉంది. గైడులో దొరకని వస్తువు అది. తాళంచెవి అందులోకి ఎలా వెళ్ళింది, తమ్ముడికి ఎలా తెలిసింది, అమ్మ ఈ పిల్లనే ఎందుకు తిట్టింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేదు. అంటే సంగతి ఉంది, కారణాలు లేవు. పైన చెప్పిన లెక్కన ‘వరుస’కు 2. చివరి వాక్యం బడి వ్యాసాల అలవాటు మాత్రమే. తిట్లు తిన్న రోజు ఆనందంగా ఎలా గడిచిందో ఆ పిల్ల కూడా ఆలోచించి ఉండదు.

కాగితం మీద నేను రాసేది మూడు వాక్యాలు మించదు. ‘పప్పు డబ్బా అన్నమాట చదవగానే నాకు నవ్వు వచ్చింది. తాళంచెవి అందులోకి ఎలా వెళ్ళింది? అమ్మ నిన్నే ఎందుకు తిట్టింది?’ అంతే. ‘బాగుంది’, ‘ఇంకా కృషి చేయాలి’, ‘శ్రద్ధ అవసరం’ అన్నవాటికి అర్థం రాసిన మనకే తెలియదు, చదివిన పిల్లకు ఎలా తెలుస్తుంది? వర్ణక్రమ దోషం ఉన్న వరుస పక్కన మార్జిన్‌లో ఒక చిన్న చుక్క పెట్టి వదిలేస్తాను. తప్పు ఆ వరుసలో ఎక్కడుందో వెతుక్కోవడం వారి పని. నిజానికి సగం తప్పులను, చూపకపోయినా, చుక్క చూసి వారే పట్టుకుంటారు.

రెండు రోజులు ఆగి తిరగరాయించాలి. అదే రోజు తిరగరాయమంటే శిక్షగా తోస్తుంది. పుస్తకంలో ఎడమ పేజీకి మొదటి రాతను అంటించి, కుడి పేజీలో కొత్తది రాయిస్తే రెండూ పక్కపక్కన కనబడతాయి. పై నమూనా తిరిగి వచ్చేటప్పుడు సుమారుగా ఇలా ఉంటుంది:

‘ఒకరోజు పొద్దున మా నాన్న సైకిల్ తాళంచెవి కనిపించలేదు. నాన్నకు పనికి వేళవుతుంటే అందరం మంచాల కింద, బియ్యం బస్తాల వెనక వెతికాము. నిన్న సాయంత్రం సైకిల్ తొక్కింది నేనే కాబట్టి అమ్మ నన్నే తిట్టింది. నేను ఏడుస్తుంటే మా తమ్ముడు మెల్లగా వచ్చి పప్పు డబ్బా చూపించాడు. వాడు వంటాట ఆడుతూ తాళంచెవిని పప్పులో దాచాడట. నాన్న డబ్బాలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి నవ్వాడు.’

48 మాటలు, 6 వాక్యాలు. మొదటి రాతలో వాక్యానికి సగటున 5 మాటలు ఉంటే ఇందులో 8 ఉన్నాయి. ‘తర్వాత’ ఒక్కటీ లేదు, దాన్ని మానేయమని ఎవరూ చెప్పలేదు. కారణాలు అడిగితే ‘కాబట్టి’, ‘ఏడుస్తుంటే’, ‘ఆడుతూ’ వాటంతట అవే వచ్చాయి. ‘దాచాడట’లోని ఆ ‘ట’ చూడండి. తాను చూడలేదు, విన్నది మాత్రమే అన్న సంగతిని ఒక్క అక్షరంతో చెప్పింది. ఇది ఏ పాఠంలోనూ నేర్పనిది, ఇంట్లో వినీ వినీ వచ్చినది. రాతలోకి తెచ్చుకోవడమే కొత్త.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ‘భాద’ మాయమైంది గానీ సరికాలేదు. ‘చాలా భాద వేసింది’ పోయి ‘ఏడుస్తుంటే’ వచ్చింది. రాత మెరుగైంది, ఆ మాట వర్ణక్రమం మాత్రం ఆ పిల్లకు ఇంకా తెలియదు; దాన్ని వేరే జాబితాలో రాసుకోవాలి. రెండు, పాత రాతలో లేని కొత్త తప్పు ఒకటి వచ్చింది. గడిచిపోయిన ఒకరోజు గురించి చెబుతూ ‘నిన్న సాయంత్రం’ అనకూడదు, ‘ముందురోజు సాయంత్రం’ అనాలి. పిల్లలు బరువైన వాక్యానికి పూనుకున్నప్పుడు కొత్త రకం తప్పులు పుడతాయి. తప్పులను లెక్కపెట్టి మాత్రమే పురోగతిని చూసే ఉపాధ్యాయులకు ఇది వెనుకబాటుగా కనబడుతుంది, అది అన్యాయం.

నమూనాల నుంచి తరగతి పాఠం

దొంతరలు వేసినప్పుడే ఆ నెల వ్యాకరణ పాఠం ఏమిటో తేలిపోతుంది. సగం కాగితాలలో ‘తర్వాత’లు కుప్పపోసి ఉంటే, వాక్యాన్ని ముగించని క్రియల, అంటే అసమాపక క్రియల పాఠానికి అదే సమయం. క్త్వార్థకం (వచ్చి), శత్రర్థకం (వస్తూ), చేదర్థకం (వస్తే) అన్న పేర్లను ఒక మార్కు ప్రశ్న కోసం బట్టీపట్టే పిల్లలు, అవి తమ ‘తర్వాత’కు మందు అని ఎప్పుడూ వినలేదు. నల్లబల్ల మీద ‘తాళంచెవి పోయింది. అందరం వెతికాము.’ అని రాసి, ఒకే వాక్యం చేయమంటే, సగం మంది ‘తాళంచెవి పోయి అందరం వెతికాము’ అంటారు. వినగానే ఏదో తేడాగా ఉందని తక్కిన సగం నవ్వుతారు. ఎందుకు నవ్వారో వారి చేతనే చెప్పించాలి. ‘అమ్మ వచ్చి తిట్టింది’లో రెండు పనులూ అమ్మవే కనుక ‘వచ్చి’ కుదిరింది. ఇక్కడ పోయినది తాళంచెవి, వెతికినది మనము. మరి ‘వాన పడి చెరువు నిండింది’ అంటాము కదా అని ఒకరు తప్పకుండా అడుగుతారు. అక్కడ కర్తలు వేరైనా వాన వల్లనే చెరువు దానంతట అది నిండింది. వెతకడం అలా దానంతట అది జరిగేది కాదు, మనం పూనుకుని చేసే పని. ‘తాళంచెవి పోతే అందరం వెతికాము’, ‘పోవడంతో వెతికాము’ అన్నవి ఇలా వారి నోటి నుంచే వస్తాయి. ఈ చర్చకు ఒక పీరియడ్ అంతా పోయినా నష్టం లేదు.

నల్లబల్ల మీదికి ఎవరి వాక్యం ఎక్కుతుందన్నది సున్నితమైన విషయం. మంచి వాక్యమైతే ఆ పిల్లను అడిగి, ఒప్పుకుంటే పేరుతోనే రాయవచ్చు. దోషం ఉన్న వాక్యం అదే తరగతిది కాకూడదు. వేరే సెక్షన్‌దో, గత సంవత్సరానిదో తీసుకుని, ఊరి పేర్లు, ఇంటి సంగతులు మార్చి రాయాలి. ఫోనుతో కాగితాలు ఫొటో తీసి ఉపాధ్యాయుల వాట్సాప్ గుంపులో పెట్టేటప్పుడు పేరు, బడి పేరు కనబడకుండా చూసుకోవాలి. పిల్లల తప్పులను చూసి నలుగురూ నవ్వుకునే చోట వాటిని అసలు పెట్టకూడదు.

వర్ణక్రమానికి వేరే దారి

బాధ/భాద, కథ/కధ, విద్యార్థి/విధ్యార్థి, ఇష్టం/ఇస్టం, ప్రాణం/ప్రానం. ఈ తప్పులు నిర్లక్ష్యం వల్ల వచ్చేవి కావు. వాడుక మాటలో మనలో చాలామంది ఒత్తక్షరాలను ఒత్తి పలకము, ‘ణ’ను ‘న’గానే అంటాము. పిల్లలు విన్నదే రాస్తున్నారు. కనుక చెప్పి రాయించే ఉక్తలేఖనం మాత్రమే ఎన్నిసార్లు చేసినా వీటిని సరిచేయలేదు. మాటను కంటితో గుర్తుపెట్టుకోవాలి, లేదా దాని పుట్టుక తెలియాలి. విద్య + అర్థి = విద్యార్థి అని సవర్ణదీర్ఘ సంధిలో ఎలాగూ చెబుతాము. విద్య రాయడం వచ్చినవారికి విద్యార్థి రాయడం అప్పుడే రావాలి. బాధ, బాధితుడు, బాధ్యత అన్నవాటిని ఒక కుటుంబంగా ఒకే వరుసలో రాయించవచ్చు. అర్థం, అర్ధం అన్నవి మాత్రం రెండూ సరైన మాటలే, ఒకటి భావం, మరొకటి సగం. నమూనాల నుంచి ఏరిన మాటలలో వారానికి ఐదు మించకుండా గోడ మీద పెద్ద అక్షరాలతో పెట్టాలి, సరైన రూపం మాత్రమే. తప్పు రూపాన్ని కూడా దాని పక్కనే రాసి పెడితే కంటికి రెండూ అలవాటవుతాయి. పైన నేను రెండూ పక్కపక్కన రాసింది పెద్దల కోసం.

మాండలికం తప్పు కాదు

‘వచ్చిండు’, ‘పోయినం’, ‘వచ్చినాడు’ అన్నవి వర్ణక్రమ దోషాల లెక్కలో పడకూడదు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి వాడుక భాష గొప్పతనం మీద ప్రసంగించి, సెప్టెంబరు 9న కాళోజీ జయంతి జరిపి, మరునాడు పిల్లల నోటు పుస్తకంలో వాళ్ళ ఇంటి భాషను ఎర్ర సిరాతో కొట్టివేయడం మనకే చెల్లింది. ఇంటి సంగతి రాసేటప్పుడు, ముఖ్యంగా సంభాషణలలో, ఆ రూపాలు ఉండాలి. పంచాయతీ కార్యదర్శికి రాసే లేఖలో పత్రికల భాష వాడటం మరొక నైపుణ్యం. రెండింటినీ రెండు నమూనాలుగా పక్కపక్కన పెట్టి, ఎవరికి రాస్తున్నామో దాన్నిబట్టి మాట మారుతుందని చూపితే పిల్లలు తేలికగానే పట్టుకుంటారు.

దాచిపెట్టడం

పెద్ద రిజిస్టరు అవసరం లేదు. ఒక్క కాగితం మీద 40 పేర్లు, నాలుగు ‘వ’లకు నాలుగు గడులు, మూడు నమూనాలకు మూడు రంగుల అంకెలు చాలు. కాగితాలను మాత్రం తేదీ వేసి, ఒక్కొక్కరివి విడిగా దారంతో కుట్టి ఉంచాలి. సంక్రాంతి తరువాతి నమూనా రాసిన రోజున పిల్లల చేతికి వారి జూన్ కాగితం ఇస్తే తరగతి గది కాసేపు గోలగోలగా ఉంటుంది; ‘ఇది నేనే రాశానా’ అని నవ్వుకుంటారు. ఆ గోల సద్దుమణిగాక, రెండు కాగితాలకూ మధ్య తమకు కనబడిన తేడా ఒక్కటి రాయమనాలి. తల్లిదండ్రుల సమావేశంలో కూడా మార్కుల పట్టిక కంటే ఆ రెండు కాగితాలు ముందు పెట్టడం మేలు. చదువు రాని తల్లికి సైతం, మూడు వరుసల కాగితం ఒక పేజీ అయిన సంగతి కంటికి కనబడుతుంది.

ఏప్రిల్‌లో బడి మూసే ముందు, ఒక్కొక్కరి మూడో నమూనాను విడదీసి, దాని మీద ఆ పిల్లకు వచ్చినది ఒకటి, ఇక నేర్పవలసినది ఒకటి పెన్సిలుతో రాసి, తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పబోయే వారికి అందజేయాలి. పై పిల్ల కాగితం మీద ‘కారణాలు చెప్పడం వచ్చింది, నిన్న, ముందురోజు తేడా చూపాలి’ అని ఉంటుంది. తక్కిన రెండు కాగితాలు పిల్లలకే ఇచ్చేయవచ్చు.